ఇన్యో కౌంటీలో నేల ఎవరిది? నీళ్లెవరివి?

కాలిఫోర్నియా తూర్పు అంచున ఇన్యో అనే కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే. విస్తీర్ణం 26 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. విడిపోకముందు అనంతపురం జిల్లా 19 వేలు, అంటే దానికన్నా బాగా పెద్దది. జనాభా మాత్రం 2020 లెక్కల ప్రకారం 19,016. మన వైపు ఒక పెద్ద ఊరికి సరిపోయే జనం.

ఇంత నేల, ఇంత తక్కువ మంది. అయినా అక్కడ పుట్టి పెరిగిన వాళ్లకు ఇల్లు కట్టుకోవడానికి స్థలం దొరకదు. ఓవెన్స్ అనే లోయలో బిషప్, బిగ్ పైన్, ఇండిపెండెన్స్, లోన్ పైన్ అని వరసగా నాలుగు చిన్న ఊళ్లున్నాయి. ఏ ఊళ్లో నిలబడి చూసినా చివరి వీధి దాటగానే కంచె, కంచె అవతల కనుచూపు మేర ఖాళీ బీడు. ఆ బీడు అమ్మకానికి రాదు.

కారణం రికార్డుల్లో ఉంది. కౌంటీ మొత్తంలో మామూలు మనుషుల పేరు మీద ఉన్న భూమి రెండు శాతం కూడా లేదు. 90 శాతానికి పైగా ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వానిది: డెత్ వ్యాలీ నేషనల్ పార్కు, అటవీ భూములు, సైన్యం వాడుకునే ఎడారి. ఇక సుమారు నాలుగు శాతం, అంటే రెండున్నర లక్షల ఎకరాలు, ఇక్కడికి నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఉన్న లాస్ ఏంజెలెస్ నగరపాలక సంస్థది. నాలుగు శాతమే కదా అనిపిస్తుంది. కానీ లోయ అడుగున నీళ్లున్న నేల, ఊళ్ల చుట్టూ ఉన్న నేల అదే.

ఒక నగరానికి మరో కౌంటీలో ఇన్ని ఎకరాలెందుకు? ఈ చిక్కుముడి విప్పితే ఇన్యో చరిత్ర చాలావరకు అర్థమవుతుంది. ఈ లోయలోంచి ఎవరెవరు, ఎప్పుడెప్పుడు, ఎలా ఖాళీ అయ్యారో కూడా తెలుస్తుంది.

మంచు మీద బతికే ఎడారి

ముందు నేల తీరు చూడాలి. పడమట సియెర్రా నెవాడా పర్వతాలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. అలాస్కాను పక్కనపెడితే అమెరికాలో అన్నిటికన్నా ఎత్తయిన మౌంట్ విట్నీ శిఖరం, 4,421 మీటర్లు, ఈ కౌంటీ అంచునే ఉంది. అక్కడినుంచి తూర్పుగా సుమారు 135 కిలోమీటర్లు వెళ్తే డెత్ వ్యాలీలోని బ్యాడ్‌వాటర్. సముద్ర మట్టానికి 86 మీటర్లు కింద, ఉత్తర అమెరికాలోనే అత్యంత పల్లం. 1913 జులై 10న 56.7 డిగ్రీల వేడి నమోదైందీ డెత్ వ్యాలీలోనే.

పసిఫిక్ మీదినుంచి వచ్చే మబ్బులు సియెర్రా పడమటి వాలులోనే కురిసి ఖాళీ అయిపోతాయి. ఇటువైపు వర్షచ్ఛాయ. రాయలసీమ వాళ్లకు ఈ మాట వివరించనక్కర్లేదు. అయితే అనంతపురంలో సగటున 550 మిల్లీమీటర్లు పడితే, ఇండిపెండెన్స్‌లో పడేది 130 అటూఇటూ. అలాంటి చోట నది ఎక్కడిది? కొండ నెత్తిన చలికాలమంతా పేరుకున్న మంచు వసంతంలో కరిగి, డజన్ల కొద్దీ వాగులై దిగి, ఓవెన్స్ నదిలో కలుస్తుంది. ఈ నది సముద్రానికి పోదు. లోయ దక్షిణ కొసన ఓవెన్స్ సరస్సులో ఆగిపోయేది. ఆ సరస్సు ఒకప్పుడు 280 చదరపు కిలోమీటర్లు. సెర్రో గోర్డో గనుల వెండి దిమ్మెల్ని 1870ల్లో దాని మీద స్టీమర్‌లో దాటించి, అక్కడినుంచి బళ్ల మీద లాస్ ఏంజెలెస్‌కు తోలేవాళ్లు.

లోయకు రెండు పక్కలా కొండలు పైకి లేస్తుంటే మధ్యలో నేల కుంగుతూ వచ్చింది. ఆ కుంగుడు ఆగలేదని 1872 మార్చి 26న తెలిసింది. ఆ తెల్లవారుజామున వచ్చిన భూకంపంలో లోన్ పైన్‌లో 59 ఇళ్లకు 52 కూలి 27 మంది చనిపోయారు.

పాయాహూనాడు

ఓవెన్స్ అనే పేరు 1845లో అన్వేషకుడు జాన్ ఫ్రీమాంట్ పెట్టాడు. తన బృందంలోని రిచర్డ్ ఓవెన్స్ పేరు అది. ఆ ఓవెన్స్ ఈ లోయలో ఎన్నడూ అడుగుపెట్టలేదని చరిత్రకారులంటారు. లోయలో ఉన్నవాళ్లకు మాత్రం వాళ్ల పేరు వాళ్లకుంది. ఈ లోయ ఆదివాసులైన పయూట్ జనం తమను న్యూమూ అని పిలుచుకుంటారు. లోయను పాయాహూనాడు అంటారు, నీళ్లు పారే చోటు అని అర్థం. మన చెవికి పాయ, నాడు రెండూ సొంత మాటల్లా వినిపిస్తాయి. చుట్టరికమేమీ లేదు, ఊరికే అలా కలిశాయి. కానీ విన్నాక మర్చిపోలేని పేరు.

వాళ్లు అక్కడ చేసిన పని కొంచెం దగ్గరగా చూడాలి. బిషప్ క్రీక్ అనే వాగుకు ప్రతి వసంతంలో బండరాళ్లు, కొమ్మలు, మట్టితో అడ్డుకట్ట వేసేవాళ్లు. ఊరంతా కలిసి ఒక మనిషిని నీళ్ల పెద్దగా ఎన్నుకునేది. మన పల్లెల్లో చెరువు తూము చూసుకుని నీళ్లు పంచే నీరటికాడు ఉండేవాడు కదా, అలాంటి బాధ్యత. ఆయన నీళ్లను కాలువలోకి మళ్లించి, వేసవంతా ఏ చెక్కకు ఎంత పారాలో చూసేవాడు. ఒక ఏడు వాగుకు ఉత్తరం వైపు నేల తడిపితే, మరుసటి ఏడు దక్షిణం వైపు. నేలకు విరామం దొరికేది. కాలువలోకి నీళ్లు తిప్పినప్పుడు వాగు మడుగుల్లో చిక్కిన చేపల్ని పట్టుకునేవాళ్లు. పంట తీసే వేళకు కట్ట తెంచేవాళ్లు.

ఆ నీళ్లతో పెంచింది ప్రధానంగా ఒక రకం తుంగ. మన పొలాల్లో రైతు పీకి పారేసే తుంగకు దగ్గరి బంధువు. దాని గడ్డలు తియ్యగా, పిండి పదార్థంతో ఉంటాయి. వాళ్లు విత్తనం చల్లలేదు, దున్నలేదు. సహజంగా మొలిచే మొక్కకు నీళ్లు పెట్టి దిగుబడి పెంచారు. 1859లో సైన్యంతో వచ్చిన కెప్టెన్ డేవిడ్సన్ మైళ్ల పొడవున సాగిన ఈ కాలువల్ని చూసి రాసి పెట్టాడు.

తర్వాత వచ్చిన పశువుల కాపర్లకు ఇది వ్యవసాయంలా కనిపించలేదు. నాగలి లేదు, కంచె లేదు, కాబట్టి ఎవరిదీ కాదనుకున్నారు. 1861లో వాళ్ల పశువులు తుంగ మడుల్లో పడి మేశాయి. ఆ చలికాలం చాలా కఠినంగా వచ్చింది. ఆకలికి పయూట్‌లు పశువుల్ని కోసుకున్నారు, అక్కడినుంచి చంపుకోవడాలు మొదలయ్యాయి. 1862 జులై 4న సైన్యం శిబిరం వేసింది. స్వాతంత్ర్య దినం రోజు వేశారు కాబట్టి క్యాంప్ ఇండిపెండెన్స్ అన్నారు, కౌంటీ కేంద్రం పేరు అలా వచ్చిందే. 1863 జులైలో తొమ్మిది వందల మందికి పైగా పయూట్‌లను ఎండలో దక్షిణానికి, ఫోర్ట్ తెహోన్ అనే సైనిక కోట దాకా నడిపించుకుపోయారు. దారిలో కొందరు చనిపోయారు, కొందరు తప్పించుకున్నారు. తర్వాతి రోజుల్లో చాలామంది తిరిగొచ్చారు. వచ్చేసరికి వాళ్ల కాలువలు కొత్త రైతుల పొలాలకు పారుతున్నాయి. తమ నేల మీదే కూలికి కుదిరారు. కౌంటీ ఏర్పడింది 1866లో.

నీళ్లు కావాలంటే నేల కొనాలి

1900లో లాస్ ఏంజెలెస్ జనాభా లక్ష. పదేళ్లకు మూడు లక్షలు దాటింది. ఉన్న చిన్న నది చాలదని తేలిపోయింది. 1904లో మాజీ మేయర్ ఫ్రెడ్ ఈటన్, నగర నీటి విభాగం పెద్ద విలియం మల్‌హాలండ్‌ను ఓవెన్స్ లోయకు తీసుకొచ్చి నదిని చూపించాడు. లోయ నగరం కన్నా వెయ్యి మీటర్లకు పైగా ఎత్తున ఉంది. కాలువ, గొట్టాలు వేస్తే మోటారు అక్కర్లేకుండా నీళ్లు వాటంతటవే దిగిపోతాయి.

నీళ్లు తీసుకోవాలంటే నీటి హక్కు ఉండాలి. కాలిఫోర్నియా చట్టంలో ఒడ్డున భూమి ఉన్నవాడికి నదిలో హక్కు ఉంటుంది. ముందుగా మళ్లించుకుని వాడుతున్నవాడికి హక్కు ఉంటుంది. భూమి కింద ఊట ఆ భూమి యజమానిది. మూడు దారుల్లోనూ హక్కు భూమికి, సాగుకు ముడిపడి ఉంది. కాబట్టి నగరానికి తేలికైన మార్గం ఒక్కటే: పొలం కొనెయ్యడం. పొలంతో పాటు నీళ్లు వస్తాయి.

ఈటన్ ఒడ్డు భూములు కొంటూ పోయాడు. అప్పట్లోనే ఫెడరల్ ప్రభుత్వపు సాగునీటి శాఖ ఇదే లోయ రైతుల కోసం ఒక ప్రాజెక్టు ఆలోచిస్తోంది. ఆ శాఖ ఇంజినీరు జోసెఫ్ లిపిన్‌కాట్ అదే సమయంలో లాస్ ఏంజెలెస్ నుంచి ఫీజు తీసుకుని సలహాలిస్తున్నాడు. చాలామంది రైతులు ఈటన్ ప్రభుత్వ ప్రాజెక్టు కోసమే కొంటున్నాడనుకుని అమ్మారు. 1905 జులై 29న లాస్ ఏంజెలెస్ పత్రికలో వార్త వచ్చాకే అసలు సంగతి లోయకు తెలిసింది. తర్వాత ఫెడరల్ ప్రాజెక్టు మూలపడింది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ నగరం పక్షాన నిలిచాడు. కొత్తగా ఎవరూ వచ్చి భూములు నమోదు చేసుకోకుండా, చెట్టన్నది లేని లోయ నేలను కూడా 1907లో జాతీయ అటవీ ప్రాంతంలో కలిపేశారు.

నగర ఓటర్లు 1905లో 15 లక్షల డాలర్లు, 1907లో 2.3 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు. 375 కిలోమీటర్ల అక్విడక్ట్, అంటే నగరానికి నీళ్లు మోసే కాలువ, గొట్టాల దారి, 1913 నవంబర్ 5న మొదలైంది. ఇంజినీరింగ్‌గా అది గొప్ప పనే, సందేహం లేదు. నీళ్లు చేరిన శాన్ ఫెర్నాండో లోయలో ముందే భూములు కొని పెట్టుకున్న పెద్ద మనుషులకు బాగా కలిసొచ్చిందన్నదీ నిజమే.

చాలా కథనాల్లో ఈ మోసం దగ్గరే కథ అయిపోతుంది. నాకు మాత్రం అసలు దెబ్బ తర్వాత పదేళ్లకు పడిందనిపిస్తుంది. 1913లో నగరం నీళ్లు తీసుకున్నది లోయ దిగువన. ఎగువన బిషప్ చుట్టూ సాగు బాగానే నడిచింది. మంచు బాగా పడ్డ ఏళ్లలో నీళ్లు నిలవ చేసుకోవడానికి పైన లాంగ్ వ్యాలీలో పెద్ద జలాశయం కట్టుకుని ఉంటే నగరానికి, రైతులకు ఇద్దరికీ సరిపోయేదేమో. ఆ స్థలం ఈటన్ చేతిలో ఉంది. అతను పది లక్షల డాలర్లు అడిగాడు, మల్‌హాలండ్ ఇవ్వనన్నాడు. ఇద్దరు పాత స్నేహితుల పంతం అది. అప్పట్లో జలాశయం కట్టలేదు. 1920ల మొదట్లో కరువు వచ్చింది. నిలవ లేదు కాబట్టి నగరం పారే నీళ్ల మీదే పడింది. అంటే మళ్లీ పొలాలు కొనడమే.

ఈసారి కొన్న తీరు ఊళ్లను నిలువునా చీల్చింది. అక్కడ ఒక్కో కాలువ రైతుల వాటాలతో నడిచే ఉమ్మడి సంస్థ. మరమ్మతు ఖర్చు వాటాదార్లందరూ పంచుకోవాలి. 1923లో మెక్‌నాలీ కాలువ వాటాల్లో ఎక్కువ భాగం నగరం కొనేసింది. మిగిలినవాళ్లు ఏం చెయ్యాలి? చుట్టూ పొలాలు ఎండిపోతాయి. కాలువ పూడిక తియ్యడానికి మనుషులుండరు. పక్కవాడు అమ్మితే నీ పొలం ధర పడుతుంది. కాబట్టి ముందు అమ్మినవాడు బాగుపడతాడు, ఆగినవాడు నష్టపోతాడు. అన్నదమ్ముల మధ్య కూడా మాటలు లేకుండా చేసే లెక్క ఇది. రైతులు పోయాక కొట్టువాడికి బేరం లేదు, బడికి పిల్లలు లేరు. ఊళ్లో స్థలాల ధరా పడిపోయింది. వాటినీ నగరమే కొంది.

1924 మేలో అక్విడక్ట్‌ను డైనమైట్‌తో పేల్చారు. అదే ఏడు నవంబర్ 16న రైతుల నాయకుడు మార్క్ వాటర్సన్ వెంట డెబ్బై మంది దాకా వెళ్లి, లోన్ పైన్ దగ్గర అక్విడక్ట్ నీళ్లను వదిలే అలబామా గేట్లను పట్టుకుని చక్రాలు తిప్పి నీళ్లు నదిలోకి వదిలేశారు. నాలుగు రోజులు అక్కడే ఉన్నారు. వందలాది మంది కుటుంబాలతో వచ్చి, మాంసం కాల్చుకుని తిని, పాటలు పాడుకున్నారు. దగ్గర్లో షూటింగ్‌లో ఉన్న సినిమా హీరో టామ్ మిక్స్ తన బ్యాండు మేళాన్ని పంపించాడు. ఆడవాళ్లు ఇళ్లలోంచి వంటలు మోసుకొచ్చారు. పోలీసులకు ఎవరి మీదా చెయ్యి ఎత్తబుద్ధి కాలేదు. తమ నది తమ ఊరి పక్కన మళ్లీ పారడం ఆ నాలుగు రోజులూ వాళ్లు కళ్లారా చూశారు.

పోరాటం ఎవరూ ఊహించని చోట తెగింది. నాయకులైన వాటర్సన్ సోదరులే లోయ బ్యాంకుల యజమానులు. 1927 ఆగస్టులో బ్యాంకులు మూతపడ్డాయి. ఖాతాల సొమ్ము దారి మళ్లించారని రుజువై ఇద్దరూ జైలుకు పోయారు. పోరాడుతున్న రైతులు దాచుకున్న డబ్బు కూడా పోయింది. ఇక అమ్ముకోవడం తప్ప దారి లేదు. 1930ల మొదటికి లోయలోని సాగు భూమిలో 95 శాతం, ఊళ్లలోని ఆస్తుల్లో 85 శాతం లాస్ ఏంజెలెస్ చేతికి వచ్చాయని లెక్క.

మనకు ముంపు ఊళ్లు తెలుసు. నీళ్లు వచ్చి ఊరిని ముంచితే జనం లేచిపోతారు. ఇక్కడ నీళ్లు వెళ్లిపోయి జనం లేచిపోయారు.

మంజనార్ తోటలు

స్పానిష్‌లో మంజనార్ అంటే ఆపిల్ తోట. 1910లో ఇండిపెండెన్స్‌కు దక్షిణంగా ఆ పేరుతోనే ఒక ఊరు వెలిసింది. ఆపిల్, పియర్, పీచ్ చెట్లు వేశారు. అంతకుముందు అక్కడ పయూట్‌లు నివసించేవాళ్లు. 1920ల్లో నగరం తోటల్ని కొనేసింది, దశాబ్దం చివరికి ఊరు ఖాళీ.

1941 డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకంతో పశ్చిమ తీరంలోని జపనీస్ మూలాల జనాన్ని, అమెరికా పౌరుల్ని సైతం, ఇళ్లలోంచి తరలించి శిబిరాల్లో బంధించారు. అలాంటి పది ప్రధాన శిబిరాల్లో మంజనార్ ఒకటి. పది వేల మందికి పైగా ఉంటే, వాళ్లలో తొంభై శాతం పైచిలుకు లాస్ ఏంజెలెస్ ప్రాంతం వాళ్లే. ఏ నగరం కోసం ఆ నేల ఎండిందో ఆ నగరం మనుషుల్నే తెచ్చి ఆ నేల మీద ముళ్లకంచె లోపల పెట్టారు.

504 బ్యారక్‌లు, చెక్క మీద తారు కాగితం. పలకల సందుల్లోంచి దుమ్ము కొట్టి పక్కల మీద పడేది. మరుగుదొడ్లకు మధ్యలో అడ్డు కూడా లేదు. ఆడవాళ్లు అర్ధరాత్రి దాకా ఆగి వెళ్లేవాళ్లు. 1942 డిసెంబర్‌లో జరిగిన గొడవలో సైనికుల కాల్పులకు ఇద్దరు యువకులు చనిపోయారు. ఇన్నిటి మధ్య, వచ్చినవాళ్లలో తోటమాలులు, రైతులు చాలామంది ఉన్నారు. పదేళ్లకు పైగా దిక్కూమొక్కూ లేకుండా నిలబడ్డ పాత చెట్లు వాళ్ల కంట పడ్డాయి. ఎండు కొమ్మలు కత్తిరించి, పాదులు తీసి, నీళ్లు పెట్టారు. చెట్లు మళ్లీ కాశాయి. బ్యారక్‌ల మధ్య రాళ్లు పేర్చి చిన్న కొలనులు, తోటలు కట్టుకున్నారు. శ్మశానంలో 1943లో కట్టిన తెల్ల స్తంభం మీద జపనీస్‌లో మూడు అక్షరాలున్నాయి, ఆత్మలకు ఊరటనిచ్చే స్తంభం అని. వెనక సియెర్రా మంచు గోడ.

శిబిరం 1945 నవంబర్ 21న మూతపడింది. 1988లో అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20 వేల డాలర్లిచ్చింది. 1992లో మంజనార్ జాతీయ చారిత్రక స్థలమైంది. పాత పియర్ చెట్లు కొన్ని ఇప్పటికీ వసంతంలో పూస్తాయి.

దుమ్ము, కోర్టులు, మిగిలిన బాకీ

నది మళ్లిపోయాక ఓవెన్స్ సరస్సు 1926కల్లా ఎండిపోయింది. పయూట్‌లు దాన్ని పాట్సియాటా అంటారు. అడుగున మిగిలిన ఉప్పు పైపెంకులా పగిలి, గాలికి పొడిగా లేస్తుంది. కంటికి కనిపించనంత సన్నని ఆ ధూళిలో ఆర్సెనిక్ లాంటి విషాలు ఉంటాయి. దేశంలో ఇలాంటి ధూళి లేచే చోట్లలో చాలాకాలం ఇదే మొదటిది. ఒడ్డున ఉన్న కీలర్‌లో గాలి లేచిన రోజు తలుపులు బిగించుకుని కూర్చోవాల్సిందే. 2001 నుంచి నగరం సరస్సు అడుగున కొంత మేర పల్చగా నీళ్లు నిలబెడుతోంది, కంకర పరుస్తోంది, గడ్డి పెంచుతోంది. ఖర్చు రెండు వందల కోట్ల డాలర్లు దాటింది. ధూళి చాలావరకు తగ్గింది. నీళ్లు చూసి పక్షులు వేల సంఖ్యలో తిరిగొచ్చాయి.

నదిలోకి నీళ్లు తిరిగి రావడానికి మాత్రం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 1970లో రెండో అక్విడక్ట్ మొదలై, దాన్ని నింపడానికి నగరం బోర్లతో భూగర్భ జలం తోడింది. ఊటలు ఎండి పచ్చిక చచ్చింది. 1972లో కౌంటీ కోర్టుకెక్కింది. 1991లో ఒప్పందం కుదిరింది. దాని ఫలితంగా 2006 డిసెంబర్‌లో దిగువ ఓవెన్స్ నదిలో వంద కిలోమీటర్ల మేర, దాదాపు 93 ఏళ్ల తర్వాత, మళ్లీ నీళ్లు వదిలారు.

నగరం కొనకపోయి ఉంటే ఈ లోయ కూడా కాలనీలు, షాపింగ్ మాల్స్‌తో నిండేదని, దానివల్లే ఇంత విశాలంగా మిగిలిందని స్థానికుల్లోనే కొందరంటారు. అందులో నిజం ఉంది. కానీ ఆ మాట ఎవరి వైపు నుంచి అంటున్నామో చూసుకోవాలి. పయూట్‌లకు ఆ విశాలంలో దక్కింది చాలా తక్కువ. 1939లో ఫెడరల్ ప్రభుత్వం, నగరం భూములు మార్చుకున్నాయి. పయూట్‌లకున్న సుమారు 2,900 ఎకరాలు నగరానికి, నగరం భూమి సుమారు 1,400 ఎకరాలు వాళ్లకు. బిషప్, బిగ్ పైన్, లోన్ పైన్ రిజర్వేషన్లు, అంటే ఆదివాసులకు కేటాయించిన ప్రాంతాలు, అలా ఏర్పడ్డాయి. నగర చార్టర్ (పాలనా నియమావళి) ప్రకారం ఓటర్ల అనుమతి లేకుండా నీటి హక్కు బదిలీ కాదు. కాబట్టి భూమి మాత్రం మార్చి, నీటి హక్కు సంగతి తర్వాత తేలుద్దామన్నారు. ఆ ‘తర్వాత’ అన్నది ఇంకా రాలేదు.

ఈ మధ్య బిషప్ పయూట్ పెద్దలు కొందరు, పరిశోధకుల్ని తోడు తీసుకుని, పూర్వీకుల కాలువల జాడ వెంట నడిచారు. సేజ్ పొదల మధ్య అరిగిన గట్లు, పక్కకు పేర్చిన రాళ్లు ఇంకా ఉన్నాయి. ఒక్కో మలుపు దగ్గర ఆగి జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుంటూ పటం గీశారు. ఆ నేలలో చాలా భాగం ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌ది. కాలువలో నీళ్లు లేవు గానీ, వాలు చూసి ఏ మడికి ఎటునుంచి పారేదో చూపించగలిగారు.